‘ఇంట్లో కూర్చోబెట్టి నెలకు 15 వేలు’ అనే మెసేజ్‌కి నా జవాబు

కొన్నాళ్లుగా వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. మా బంధువుల గ్రూపులోకి వచ్చింది, మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకీ వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగులకు ఇంట్లో కూర్చోబెట్టి నెలకు 15 వేలు ఇస్తున్నారు, వాళ్లలో సగం మంది బోగస్, డబ్బుకు అలవాటుపడి పని మానేస్తున్నారు, ఇంట్లో మనిషిని చూసుకోవడం కుటుంబం బాధ్యత కాబట్టి దానికి కూడా ప్రభుత్వం డబ్బివ్వాలనడం సిగ్గుచేటు, ఇదంతా మన ట్యాక్స్ సొమ్ము, అర్హులకే ఇవ్వాలి. చివర్లో ‘నిజమనిపిస్తే పదిమందికి పంపండి’ అని ఉంది. చాలామందికి నిజమనిపించింది, పంపేశారు. అందుకే ఒక్కో మాటా పట్టుకుని జవాబు రాస్తున్నాను.

ముందు ఆ 15 వేల సంగతి చూద్దాం. 2024 జూలై 1న ఎన్టీఆర్ భరోసా కింద పెంచిన పింఛన్లు పంచినప్పుడు దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది. 15,000 అనేది వేరే కేటగిరీ. పక్షవాతం వచ్చి పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లు, కండరాల క్షీణత బాగా ముదిరినవాళ్లు, ప్రమాదంలో దెబ్బతిని ఇక లేవలేనివాళ్లు అందులోకి వస్తారు. రాష్ట్రంలో దివ్యాంగ పింఛనుదారులు దాదాపు 8 లక్షల మంది ఉంటే ఈ 15 వేల కేటగిరీలో ఉన్నది పాతిక వేలకు అటూఇటూ. అంటే వందకు ముగ్గురు. ఆ ముగ్గురికి వచ్చేదాన్ని మిగతా 97 మందికీ అంటగట్టి లెక్క చెబుతోంది ఈ మెసేజ్. తెలంగాణలో అయితే 15 వేల మాటే లేదు. అక్కడ ఆసరా కింద 3,016 ఉన్నది 2023 జూలైలో 4,016 అయింది, ఆ ఏడాది ఎన్నికల్లో కాంగ్రెస్ 6,000 ఇస్తామని హామీ ఇచ్చింది, ఆ హామీ అమలు చేయమనే 2025లో మంద కృష్ణ మాదిగ జిల్లాలు తిరిగి సభలు పెట్టారు. ఇక కేంద్రం పేరు మీద ఉన్న ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను ఎంతో తెలుసా? నెలకు 300. అదీ దారిద్ర్యరేఖకు దిగువన ఉండి, 80 శాతం పైగా వైకల్యం ఉన్నవాళ్లకే. 2012లో 200 నుంచి 300 చేశారు, తర్వాత ముట్టుకోలేదు. 300 రూపాయలకు ఇవాళ వంటగ్యాస్ సిలిండర్‌లో సగం కూడా రాదు.

సరే, ఆ ముగ్గురి సంగతే మాట్లాడుకుందాం, వాళ్లకైతే 15 వేలు ఎక్కువేనా అని. మా వీధి చివర ఒక తాపీమేస్త్రీ కుటుంబం ఉంది. మూడో అంతస్తు పరంజా మీద నుంచి జారిపడ్డాడు, నడుము కింద అంతా చచ్చుబడిపోయింది. అతని భార్య అంతకుముందు ఇంట్లోనే మిషన్ కుట్టేది, సీజన్‌లో మిరపకాయల కోతకు కూడా పోయేది. ఇప్పుడు రెండూ లేవు. పొద్దున్నే యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయడంతో మొదలవుతుంది. ఒళ్లు తుడవడం, డైపర్ మార్చడం, వీపు, పిరుదులు, మడమలు ఎక్కడైనా ఎర్రబడ్డాయేమో చేత్తో తడిమి చూడటం. ప్రతి రెండు గంటలకీ మనిషిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పాలి, రాత్రి కూడా, అందుకని ఫోన్‌లో అలారం పెట్టుకుంటుంది. ఎందుకంటే ఒకేచోట ఒంటి బరువు పడుతూ ఉంటే అక్కడికి రక్తం అందక చర్మం చచ్చిపోతుంది, అతనికి స్పర్శ లేదు కాబట్టి నొప్పి తెలియదు, పుండు పడిందని కంటికి కనబడేసరికే లోపల చాలా దూరం పోయి ఉంటుంది. ఒకసారి ముదిరితే ఎముక దాకా వెళ్తుంది, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకితే ప్రాణం మీదకే వస్తుంది. గాలి పరుపు ఉంది, కానీ అది కరెంటు మోటారుతో పనిచేసేది, కరెంటు పోతే గాలి దిగిపోతుంది. ఆవిడ బయటికి రాదేమిటని వీధిలో ఒకరిద్దరు అనడం నేను విన్నాను. ఎప్పుడు వస్తుంది?

లెక్క వేయండి. 15 వేలంటే రోజుకు 500. 2025-26లో ఉపాధి హామీ రోజు కూలీ మన రెండు రాష్ట్రాల్లోనూ 307 రూపాయలు. ఆ ఇంట్లో పని మానేసింది ఒక్కరు కాదు, ఇద్దరు. మేస్త్రీ కూలీ పోయింది, ఆవిడ సంపాదన పోయింది. ఆ 500లోనే డైపర్లు, కాథెటర్ (మూత్రం గొట్టం) మార్పించడం, దూది, గాజుగుడ్డ, మందులు, ఆసుపత్రికి పోవాల్సి వస్తే ఆటో చాలదు కాబట్టి వ్యాను కిరాయి. ఆవిడ చేసే పనికి బయటి నుంచి మనిషిని పెట్టుకుంటే పగటిపూటకే నెలకు ఆ 15 వేలూ సరిపోవు. ‘ఇంట్లో కూర్చోబెట్టి’ అని రాసిన మనిషి ఆ ఇంట్లో ఒక్క రాత్రి ఉండి చూస్తే బాగుండు.

ఇక బోగస్. దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయి, లేవని నేను అనను. డబ్బు తీసుకుని వైకల్యం శాతం ఎక్కువ వేసిన డాక్టర్లు, మధ్యలో బ్రోకర్లు ఉన్నారని ఊరూరా తెలుసు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోనే 91వ సెక్షన్ ఉంది, వీళ్లకు ఉద్దేశించిన ప్రయోజనాన్ని మోసంతో పొందితే రెండేళ్ల వరకు జైలు గానీ, లక్ష వరకు జరిమానా గానీ, రెండూ గానీ వేయొచ్చు. వేయండి, సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లతో మొదలుపెట్టి వేయండి. కానీ 2025లో ఆంధ్రలో రీవెరిఫికేషన్ చేసి లక్షమందికి పైగా నోటీసులు ఇస్తే ఆ లక్షమందీ దొంగలే అని ఈ మెసేజ్ తేల్చేసింది. అక్కడ జరిగింది వేరు. మంచాన ఉన్నవాళ్లను చూడటానికి డాక్టర్ల బృందాలు ఇళ్లకే వెళ్లాయి, అది మంచి పని. మిగతావాళ్లను ఆసుపత్రులకు రమ్మన్నారు. నోటీసులు వెళ్లినవాళ్లలో చాలామందికి కారణం వైకల్యం శాతం పింఛనుకు కావాల్సిన 40 కంటే తగ్గడమే. వైకల్యం శాతం అనేది థర్మామీటర్‌లో జ్వరం చూసినట్టు అందరికీ ఒకేలా తేలేది కాదు. కీలు ఎంత వంగుతోంది, కండరం ఎంత బలంగా ఉంది, బుద్ధిమాంద్యం అయితే పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయి అని ఒక్కో డాక్టరు చూసి వేసేది. కొలిచే మార్గదర్శకాలను కేంద్రమే 2018 జనవరిలో ఇచ్చి, 2024 మార్చిలో మళ్లీ సవరించింది. పదేళ్ల కిందట వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే సదరం క్యాంపులో ఒక డాక్టరు 42 వేశాడు, ఇప్పుడు ఇంకో డాక్టరు 38 వేశాడు అనుకోండి, ఆ కాలు మారలేదు, పోలియో ఎక్కడికీ పోలేదు. 40 దగ్గర 6,000, 39 దగ్గర సున్నా. మధ్యలో మెట్టే లేదు. జనం రోడ్డెక్కాక అప్పీలు పెట్టుకున్నవాళ్లకు పింఛను ఆపబోమని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. అందరూ దొంగలే అయితే ఆ మాట ఎందుకు చెబుతుంది?

‘డబ్బుకు అలవాటుపడి పని మానేస్తున్నారు’ అనేది నాకు అన్నిటికంటే బాధ కలిగించిన మాట. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలోని వికలాంగుల్లో 36 శాతం మంది పని చేస్తున్నవాళ్లు. అప్పటికి ఇప్పుడున్న పింఛన్లు ఎక్కడున్నాయి? మిగతావాళ్లకు పనెందుకు లేదంటే, బస్సు మెట్టు ఎక్కలేరు, ఎక్కినా ఆఫీసు పై అంతస్తులో ఉంటుంది, లిఫ్ట్ ఉండదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ చట్టంలో ఉంది, ప్రైవేటులో అదీ లేదు. పని మాన్పించేది ఏదైనా ఉంటే అది పింఛను నిబంధనే. ఆంధ్రలో కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్టణంలో 12,000 దాటితే పింఛనుకు అనర్హులు. వినికిడి లేని అబ్బాయి ప్యాకింగ్ పనిలో చేరి 11 వేలు తెచ్చుకుంటే ఇంట్లోవాళ్లకు మొదట పట్టుకునేది పింఛను పోతుందేమోనన్న టెన్షన్. ఆ నిబంధన మార్చమని మెసేజ్ పెడితే నేనూ పంపేవాణ్ణి.

‘చూసుకోవడం కుటుంబం బాధ్యత’ అట. బాధ్యత అని కుటుంబాలు ఎప్పుడో ఒప్పుకున్నాయి, చేస్తున్నాయి కూడా. కుటుంబం అంటే ఎవరన్నది మాత్రం సూటిగా చెప్పుకోవాలి. అమ్మ, భార్య, చెల్లి, లేదంటే చదువు మానేసిన కూతురు. కేంద్రం చేసిన 2024 సమయ వినియోగ సర్వేలో 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ల సంరక్షణ పనిలో ఉన్నారు, రోజుకు సుమారు 140 నిమిషాలు. మగవాళ్లలో 21.4 శాతం, 74 నిమిషాలు. ఇందులో పసిపిల్లల్ని చూసుకోవడం కూడా కలిసే ఉంది. మంచాన ఉన్న మనిషి ఉన్న ఇంట్లో అది నిమిషాల లెక్క కాదు, రోజంతా.

ఆడవాళ్లు ఎటూ ఇంట్లోనే ఉంటారు కదా, డబ్బెందుకు అనే మాట మనకే కొత్తగా తట్టింది కాదు. బ్రిటన్‌లో 1976లో ఇలా చూసుకునేవాళ్లకు భత్యం మొదలుపెట్టినప్పుడు పెళ్లయిన ఆడవాళ్లకు ఇవ్వలేదు, సరిగ్గా ఇదే కారణం చెప్పి. జాక్వెలిన్ డ్రేక్ అనే ఆవిడ తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానేసింది, భత్యం అడిగితే పెళ్లయింది కాబట్టి రాదన్నారు. ఆవిడ ఊరుకోలేదు. కేసు యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్లి 1986 జూన్‌లో ఆవిడకు అనుకూలంగా తీర్పొచ్చింది. ఇప్పుడు అక్కడ వారానికి 35 గంటలైనా ఇలా చూసుకునేవాళ్లకు ఆ భత్యం ఇస్తున్నారు, 2025 ఏప్రిల్‌లో అది వారానికి 83.30 పౌండ్లు అయింది. అది చాలడం లేదని అక్కడివాళ్లూ పోరాడుతున్నారు. అంత దూరం ఎందుకు, కేరళలో ‘ఆశ్వాసకిరణం’ అని ఒక పథకం ఉంది, మంచాన ఉన్నవాళ్లను చూసుకునే మనిషి పేరు మీద నెలకు 600. తక్కువే. కానీ ఆ మనిషి చేసేది పనే అని ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకుంది.

మన చట్టం కూడా ఒప్పుకుంది, మన దగ్గర అమలే లేదు. 2016 చట్టం 24వ సెక్షన్‌లో సామాజిక భద్రత కింద ఏమేం ఇవ్వాలో రాస్తూ, ఎక్కువ సాయం అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం అని స్పష్టంగా పెట్టారు. అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది: ఇలాంటి పథకాల్లో ఇతరులకు ఇచ్చేదాని కంటే వికలాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. ఆంధ్రలో వృద్ధాప్య పింఛను 4,000. దాని మీద 25 శాతం కలిపితే 5,000. అంటే 6,000లో చట్టం చెప్పిన కనీసానికి పైన ఉన్నది వెయ్యి రూపాయలు.

‘మన ట్యాక్స్ డబ్బు’ గురించి రెండే మాటలు. ఆ మేస్త్రీ భార్య కొనే సబ్బుకీ డైపర్‌కీ కూడా పన్ను కడుతోంది. ఆదాయపు పన్ను కట్టే ఇళ్లలో వికలాంగులు ఉంటే 75 వేలు, తీవ్ర వైకల్యం అయితే లక్షా పాతిక వేల మినహాయింపు ఉంది, అదీ పాత పన్ను పద్ధతి ఎంచుకుంటేనే. కూలి ఇంటికి అందులో రూపాయి రాదు.

ఇక మిగిలిన మాట ‘అర్హులకే ఇవ్వాలి’. ఇవ్వాలి, నేనూ అదే అడుగుతున్నాను. సదరం స్లాట్ దొరక్క నెలల తరబడి తిరుగుతున్నవాళ్లు అర్హులే. వేలిముద్ర పడక వెనక్కి వస్తున్న కుష్ఠు బాధితులు అర్హులే. 2016 చట్టం 38వ సెక్షన్ కింద తమకు ఎక్కువ సాయం కావాలని దరఖాస్తు పెట్టుకోవచ్చని ఇప్పటిదాకా ఎవరూ చెప్పనివాళ్లు అర్హులే. మీ ఇంట్లోనో వీధిలోనో అలాంటివాళ్లుంటే ఆ దరఖాస్తు పెట్టించండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు కేంద్ర సంస్థ నేషనల్ ట్రస్ట్ ఇచ్చే ‘నిరామయ’ ఆరోగ్య బీమా లక్ష వరకు ఉంది, దాని ఫారం కూడా నింపించండి. నోటీసు వచ్చి ఉంటే పాత సర్టిఫికెట్, ఆసుపత్రి కాగితాలు జిరాక్స్ తీసి అప్పీలుకు జత చేయండి, ఒరిజినల్ మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టొద్దు.