షికాగో పాత పోస్టాఫీసు: ఖాళీ భవనాన్ని బతికించిన లెక్క

షికాగో శివార్లలోని నేపర్‌విల్, అరోరాల నుంచి రోజూ రైల్లో యూనియన్ స్టేషన్‌కు వచ్చి ఉద్యోగాలకు వెళ్లే తెలుగువారికి ఆ భవనం బాగా పరిచయమే. స్టేషన్‌కు దక్షిణాన, రైలు పట్టాల పైనే లేచి, ఐసెన్‌హోవర్ ఎక్స్‌ప్రెస్‌వేకు తన అడుగుభాగం నుంచే దారి ఇచ్చిన ఆ సున్నపురాతి కట్టడం షికాగో పాత పోస్టాఫీసు. తపాలా శాఖ 1996లో పక్కనే ఉన్న కొత్త కేంద్రానికి తరలిపోయాక అది ఇరవై ఏళ్లకు పైగా ఖాళీగా పడి ఉంది. ఇప్పుడు అందులో పెద్ద కంపెనీల ఆఫీసులు నడుస్తున్నాయి. దీన్ని వాస్తుశిల్పుల ఘనతగా చెప్పుకోవడం పరిపాటి. ఆ ఘనత కాదనలేనిదే అయినా, అంతకంటే ముందు నగర పాలకులు పన్నులనూ చట్టాన్నీ సరైన సమయంలో వాడటం వల్లనే ఆ భవనం నిలబడిందని నా అభిప్రాయం. అయితే ఆ ప్రయత్నంలో ప్రజలకు దక్కవలసినదంతా దక్కలేదని కూడా చెప్పాలి.

భవనం మొదటి భాగాన్ని 1921లో కట్టారు. సియర్స్, మాంట్‌గొమరీ వార్డ్ వంటి కంపెనీలు కేటలాగులు పంపి, ఇంటింటికీ పార్సిళ్లలో సరుకు చేరవేస్తున్న కాలం అది. ఆ రెండు వ్యాపారాలకూ షికాగోయే కేంద్రం కావడంతో తపాలా పని కొన్నేళ్లలోనే కట్టడానికి మించి పెరిగింది. 1932లో గ్రాహం, ఆండర్సన్, ప్రోబ్‌స్ట్ అండ్ వైట్ సంస్థ దాన్ని ఎన్నో రెట్లు విస్తరించి, ప్రపంచంలోనే అతి పెద్ద పోస్టాఫీసుగా తీర్చిదిద్దింది. 1909లో షికాగో కోసం వేసిన బర్న్‌హామ్ నగర ప్రణాళికలో అటువైపుగా ఒక విశాలమైన రహదారి ఉన్నందున, రోడ్డు ఇంకా రాకముందే భవనంలో దానికి ఖాళీ వదిలి కట్టారు. రెండు దశాబ్దాల తరువాత ఎక్స్‌ప్రెస్‌వే నిజంగానే ఆ ఖాళీ గుండా వచ్చింది. నగర ప్రణాళికకు అంత విలువ ఇచ్చిన కట్టడం నగరానికే భారమై కూర్చోవడం విచారకరం.

భారం కావడానికి కారణం దాని వెడల్పు. ఉత్తరాల సంచులు, యంత్రాలు, బండ్లు అటూ ఇటూ తిరగడానికి కట్టిన అంతస్తులు కావడంతో మధ్యలో నిలబడితే కిటికీలు ఎక్కడో దూరంగా ఉంటాయి. ఇళ్లకు గానీ హోటల్ గదులకు గానీ అంత లోతైన అంతస్తు పనికిరాదు. 2009లో దాన్ని వేలంలో కొన్న బ్రిటిష్ డెవలపర్ ఉన్న భవనం గురించి కాక, దాని పక్కన లేపబోయే 120 అంతస్తుల టవర్ గురించి ప్రకటనలు చేశాడు. ఒక్క అంతస్తూ లేవలేదు. పాత భవనాలకు ఎక్కువగా జరిగే హాని ఇలాంటిదే. యజమాని భవనాన్ని కూల్చడు, బాగుచేయడు. స్థలం ధర పెరుగుతుందనే ఆశతో తాళం వేసి ఉంచుతాడు. వాన నీరు పైకప్పులోంచి దిగుతూ ఉంటుంది, ఏడాదికేడాదికి మరమ్మతు ఖర్చు పెరుగుతూ ఉంటుంది, చివరికి కూల్చడం తప్ప దారి లేదనే వాదన దానంతటదే బలపడుతుంది.

షికాగో నగరపాలక సంస్థ 2016లో ఈ వరసను తెంచింది. ప్రజా ప్రయోజనం కోసం భవనాన్ని స్వాధీనం చేసుకోవడానికి చట్టపరమైన ప్రక్రియ మొదలుపెట్టింది. కొద్ది నెలల్లోనే ఆస్తి చేతులు మారింది. న్యూయార్క్‌కు చెందిన 601డబ్ల్యూ కంపెనీస్ దాదాపు 13 కోట్ల డాలర్లకు దాన్ని కొన్నది. ఈ మొత్తం కథలో అన్నిటికంటే నిర్ణాయకమైన అడుగు ఇదేనని నేను భావిస్తాను, ఎందుకంటే ఖాళీగా ఉంచుకోవడం కూడా నష్టమేనని యజమానికి తెలియనంత కాలం ఏ రాయితీ వల్లా ప్రయోజనం ఉండదు.

రాయితీ రెండో అడుగు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం చారిత్రక భవనాన్ని నిబంధనల మేరకు పునరుద్ధరిస్తే అర్హమైన ఖర్చులో 20 శాతాన్ని ఆదాయపు పన్నులోంచి తగ్గించుకోవచ్చు. 2017 సవరణ తరువాత ఆ మొత్తాన్ని ఐదేళ్లలో విడతలుగా తీసుకోవాలి. చేసిన పని భవనం స్వభావాన్ని చెడగొట్టలేదని ఫెడరల్ ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ ధ్రువీకరించాలి. ఇందులో ఒక తెలివైన షరతు ఉంది: భవనం ఆదాయం తెచ్చే వాడకంలో ఉండాలి. అంటే యజమాని సొంతంగా నివసించే ఇంటికి ఈ రాయితీ రాదు. ఆఫీసుకో, దుకాణానికో, అద్దె ఇళ్లకో వస్తుంది. షికాగో ఉన్న కుక్ కౌంటీలో దీనికి తోడు క్లాస్ ఎల్ అనే ఆస్తి పన్ను వెసులుబాటు ఉంది. వాణిజ్య భవనాలకు మార్కెట్ విలువలో 25 శాతం మీద పన్ను లెక్కగడితే, నగరం స్మారక కట్టడంగా గుర్తించి, యజమాని నిర్ణీత స్థాయిలో పెట్టుబడి పెట్టిన భవనానికి పదేళ్లపాటు 10 శాతం మీదే లెక్కగడతారు. పాత పోస్టాఫీసుకు ఆ గుర్తింపు 2018లో వచ్చింది. గుర్తింపు అంటే ఆంక్షే అని భయపడే యజమానికి అదే గుర్తింపు డబ్బు ఆదా చేసే పత్రంగా మారడం ఇక్కడి అసలు కిటుకు.

దాదాపు 80 కోట్ల డాలర్ల ఖర్చుతో జరిగిన పునరుద్ధరణకు గెన్స్‌లర్ సంస్థ రూపకల్పన చేసింది. శాపమనుకున్న వెడల్పునే వారు బలంగా మార్చారు. వందల మంది ఉద్యోగులను పది అంతస్తుల్లో విడదీయకుండా ఒకే అంతస్తులో కూర్చోబెట్టాలనుకునే కంపెనీలకు, మామూలు ఆఫీసు టవర్‌లో దొరకని చోటు ఇక్కడ దొరికింది. ఫార్మసీ సంస్థ వాల్‌గ్రీన్స్ ముందుగా రాగా, 2019లో ఉబర్ నాలుగున్నర లక్షల చదరపు అడుగులకు పైగా తీసుకుంది. వాన్ బ్యూరెన్ వీధి వైపున్న లాబీలో పాలరాయి, బంగారు గాజు మొజాయిక్ మళ్లీ మెరిశాయి. ఉత్తరాలు జారిన సర్పిలాకారపు గొట్టాలను పీకి పారేయకుండా ఉంచారు. పైకప్పు మీద మూడున్నర ఎకరాల తోట పెంచారు.

నా అభ్యంతరం ఆ తోట దగ్గరే మొదలవుతుంది. అది అక్కడ అద్దెకున్న కంపెనీల ఉద్యోగులకే. నగరం ఏళ్ల తరబడి వదులుకునే పన్ను బడులకు, పార్కులకు అందవలసిన సొమ్ము. అంత త్యాగం చేసినప్పుడు వారానికి రెండు రోజులైనా తోటను అందరికీ తెరవాలన్న షరతు పెట్టి ఉండవలసింది. ఒకప్పుడు స్టాంపు కొనడానికి వచ్చిన ప్రతి మనిషీ ఈ భవనం లాబీలో నడిచాడు.

ఆఫీసుగా మార్చడమే ప్రతి పాత భవనానికీ మందు అని కూడా అనుకోకూడదు. పునరుద్ధరించిన భవనం తలుపులు తెరుచుకున్న కొన్ని నెలలకే కోవిడ్ వచ్చి, షికాగో నడిబొడ్డున ఆఫీసులు ఖాళీ అయ్యాయి. 2022లో నగరమే లాసాల్ వీధిలోని పాత ఆఫీసు భవనాలను ఇళ్లుగా మార్చే పథకం తెచ్చింది, ఆ ఇళ్లలో 30 శాతం అందుబాటు అద్దెకు ఇవ్వాలని షరతు పెట్టింది. పోస్టాఫీసును విస్తరించిన వాస్తుశిల్పులే 1934లో పూర్తి చేసిన ఫీల్డ్ బిల్డింగ్ కూడా ఆ జాబితాలో ఉంది. ఇరుకైన టవర్లలో కిటికీలు దగ్గరగా ఉంటాయి కాబట్టి అవి ఇళ్లకు తగుతాయి, లోతైన గోదాము ఆఫీసుకు తగుతుంది. కట్టడం శరీరం ఏ పనికి ఒప్పుకుంటుందో ముందు చూడాలి.

హైదరాబాద్‌లో మొజంజాహి మార్కెట్‌ను 2020లో మార్కెట్‌గానే పునరుద్ధరించి ఈ సూత్రాన్ని పాటించారు, కానీ అది ప్రభుత్వ ఆస్తి, ఖర్చూ ప్రభుత్వానిదే. ఆబిడ్స్, కోఠి, సికింద్రాబాద్ వీధుల్లో ప్రైవేటు చేతుల్లో ఉన్న పాత వాణిజ్య భవనాల సంగతి వేరు. వారసత్వ కట్టడాలను కాపాడిన రెగ్యులేషన్ 13ను 2015లో తొలగించారు, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. కూల్చకూడదని చెప్పడం చట్టానికి తేలిక. కింద దుకాణం అద్దె మీద బతుకుతూ పై అంతస్తులకు తాళం వేసుకున్న యజమానికి, బాగుచేస్తే పదేళ్లపాటు ఆస్తి పన్ను ఇంత తగ్గుతుందని, బాగుచేయకుండా ఖాళీగా ఉంచితే ఇంత పెరుగుతుందని రాసిచ్చే ఒక్క ఉత్తర్వు కావాలి. అది ఆ భవనాల పై అంతస్తుల్లో చిన్న ఆఫీసులకు తలుపులు తెరవగలదు.