కేబుల్ తెగితే ఎవరిని అడగాలి?

ఆరోగ్యశ్రీలో మా పాపకి కాక్లియర్ ఇంప్లాంట్ (వినపడనివాళ్లకి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) ఆపరేషన్ చేశారు, సంతోషం. ఆ తర్వాత? చెవి వెనక శబ్దాన్ని పట్టుకునే ప్రాసెసర్ నుంచి తలమీది బిళ్లలాంటి కాయిల్‌కి వెళ్లే సన్నటి కేబుల్ ఉంటుంది. పిల్లలన్నాక గెంతుతారు, లాగుతారు. మడత పడ్డచోటే తెగుతుంది. వారంటీ అయిపోయిందా, ఇక మన జేబే. వేలకు వేలు! కొత్తది వచ్చేదాకా పాపకి ఏమీ వినపడదు. అన్ని రోజుల మాటలు ఎవరు తిరిగిస్తారు? ఎండాకాలం చెమటకి మైకు పాడవుతుందని రోజూ రాత్రి తేమ పీల్చే డ్రై బాక్స్‌లో పెట్టుకుంటూ వస్తున్నాం. ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి?

పైగా బస్సులో "తలకి ఆ బిళ్లేంటమ్మా, తీసెయ్యరాదూ" అని సలహాలు. క్లాసులో టీచరేమో బోర్డు వైపు తిరిగి పాఠం చెప్తారు, "మిషన్ పెట్టారుగా, వినాలి కదా" అంటారు. మిషన్ పెట్టిన మర్నాడే మాటలొచ్చేస్తాయా? లక్షలు పెట్టి ఆపరేషన్ చేయించిన ప్రభుత్వానికి ఒక్క కేబుల్ బరువా?