దీపం ఉండగానే కంపెనీ చక్కబెట్టుకో

కంపెనీ మునిగిందని అందరికంటే ముందు తెలిసేది డైరెక్టరుగారికి. అందరికంటే ఆలస్యంగా చెప్పేదీ ఆయనే. ఈ రెంటికీ మధ్య ఆయన ఏం చేస్తుంటారో ఎవరూ రాయరు గనుక నేను రాస్తాను.

ఈ మధ్య అలాంటి ఒక డైరెక్టరుగారి వీడ్కోలు సందేశం సోషల్ మీడియాలో చదివాను. ‘బరువెక్కిన గుండెతో’ అని మొదలై, ‘ఈ ప్రయాణంలో ఎంతో నేర్చుకున్నాం’ మీదుగా, ‘త్వరలో కొత్త రూపంలో కలుద్దాం’ దాకా నడిచింది. కింద వందల చప్పట్లు. మూడు నెలల జీతం సంగతేమిటని ఒకబ్బాయి అడిగాడు. మళ్లీ చూసేసరికి ఆ కామెంటు లేదు. కంపెనీలో మొట్టమొదట లిక్విడేట్ అయింది అదే.

‘కంపెనీని స్వచ్ఛందంగా మూసేస్తున్నాం’ అని కూడా వారు సెలవిచ్చారు. మన దేశంలో 2016 దివాలా స్మృతి సెక్షన్ 59 ప్రకారం స్వచ్ఛంద లిక్విడేషన్, అంటే ఆస్తులమ్మి పంచేసి తనంతట తాను మూసుకోవడం, అప్పులు తీర్చగలిగిన కంపెనీకే. ‘మాకు అప్పుల్లేవు, ఉన్నా ఆస్తులమ్మి పూర్తిగా తీరుస్తాం, ఎవర్నీ మోసం చేయడానికి మూయడం లేదు’ అని డైరెక్టర్లలో మెజారిటీ మంది అఫిడవిట్ ఇవ్వాలి. చేతులెత్తేసిన కంపెనీకి దారి వేరు. సెక్షన్ 10 కింద తానే ఎన్‌సీఎల్‌టీకి, అంటే కంపెనీల కేసులు చూసే ట్రైబ్యునల్‌కి, వెళ్లి ‘బాకీలు కట్టలేకపోతున్నాను’ అని ఒప్పుకోవాలి. పిటిషన్ను స్వీకరించారంటే కంపెనీ పగ్గాలు దివాలా వ్యవహారాలు నడిపే నిపుణుడి (ఇన్సాల్వెన్సీ ప్రొఫెషనల్) చేతికి పోతాయి. పాత లెక్కలన్నీ పరాయివాడి టేబుల్ మీదికి చేరతాయి. అందుకే పెద్దమనుషులు ఆ గడప తొక్కే ముందు కాస్త ‘సన్నాహం’ చేసుకుంటారు.

ఆ సన్నాహం దేనికో తెలియాలంటే సెక్షన్ 53 చూడాలి. లిక్విడేషన్లో ఎవరికి ముందు, ఎవరికి వెనక అన్న వరస అందులో ఉంది. మొదట ప్రక్రియ ఖర్చులు. తర్వాత కార్మికుల 24 నెలల బకాయిలు, తాకట్టు పెట్టుకున్న బ్యాంకులు, రెండూ సమానంగా. ఆపైన మిగతా ఉద్యోగుల 12 నెలల జీతాలు. ఇంకా దిగువన తాకట్టు లేని అప్పులు, సర్కారు పన్నులు, సరుకిచ్చినవాళ్లు. అందరికీ పంచగా ఏమన్నా మిగిలితే, చిట్టచివర్న వాటాదారుడు. అంటే మన డైరెక్టరుగారు. క్యూలో ఆఖరున నిలబడాల్సిన మనిషి క్యూ మొదలవకముందే వెనక గుమ్మంలోంచి తన వంతు పట్టుకుపోవడం ఎలా? ఈ విద్యను నేర్పే సలహాదారులున్నారు. వాళ్ల ఫీజు మాత్రం ముందే కట్టాలి, వాళ్లకి కంపెనీ పరిస్థితి తెలుసు కదా.

ఇక బోర్డు మీటింగు. హాజరైనవారు ఎండీగారు (మన డైరెక్టరుగారే), వారి సతీమణి. ప్రైవేటు కంపెనీకి ఇద్దరుంటే కోరం సరిపోతుంది. మినిట్స్ రాయడానికి అకౌంటెంటు.

మొదటి అంశం, బాకీ. కంపెనీకి చేబదులిచ్చిన ఎండీగారు, కంపెనీని నడిపే ఎండీగారిని డబ్బడిగారు. నడిపే ఎండీగారు కొంత వ్యవధి కోరారు. ఇచ్చిన ఎండీగారు కుదరదన్నారు. సుదీర్ఘ చర్చ అనంతరం నడిపే ఎండీగారు న్యాయానికి తలవంచి, వడ్డీతో సహా చెల్లించడానికి సమ్మతించారు. ఈ వ్యవహారంలో తనకు స్వప్రయోజనం ఉందని వారు సభకు వెల్లడించగా సభ విస్తుపోయింది. సభ అంటే ఆవిడే.

రెండో అంశం, ఆఫీసు అద్దె. భవనం ఆవిడ పేరునే ఉంది. మూసేస్తున్న ఆఫీసుకు ఏడాది అద్దె ముందే ఇవ్వాలని ఆవిడ పట్టుబట్టారు. ‘మరీ ఇంత కఠినమా’ అని ఎండీగారు వాపోయారు. ఏకగ్రీవంగా ఆమోదం.

మూడో అంశం, కారు. కొనేది బావమరిది. కంపెనీ తరఫున బేరమాడేది బావగారు. రేటు తెగ్గొట్టింది అక్కగారు. బండి తాళాలు అప్పటికే వారం రోజులుగా బావమరిది జేబులో ఉన్నాయని అకౌంటెంటుకు గుర్తుంది గానీ మినిట్స్‌లో రాయలేదు.

“సార్, తేదీ ఇవాళ్టిదే వెయ్యనా?”

“ఎందుకయ్యా ఇవాళ్టిది! దగ్గరివాళ్లతో చేసిన లావాదేవీలు రెండేళ్ల వెనక్కి తవ్వుతారట కదా. మూడేళ్ల కిందటిది వెయ్యి.”

“2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చామో రికార్డయిపోతుంది సార్. ఆపడం కుదరదు.”

“అయితే కాగితం మీద రాయి. పాత స్టాంపు పేపర్లు దొరకవా ఏమిటి?”

నాలుగో అంశం మీద చర్చే లేదు. ఉన్న కాస్త డబ్బుతో ఏ బ్యాంకు అప్పు తీర్చాలి? ఎండీగారు స్వయంగా హామీ సంతకం పెట్టిన బ్యాంకుదే. 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీ అప్పుకు పూచీ ఉన్న వ్యక్తి మీద కూడా దివాలా కేసు వేయొచ్చు మరి. అట్టపెట్టెలు సరఫరా చేసే చిన్న యూనిట్ వాడికి ఏ హామీ సంతకమూ లేదు. 45 రోజుల్లోపు వాడికి చెల్లించాలని 2006 నుంచీ చట్టం ఉంది. వాడికి ఫోన్ చేసి ‘వచ్చే వారం తప్పకుండా’ అన్నారు. అని, ఇంకో లోడు ఆర్డరిచ్చారు.

ఆ లోడు దగ్గర నాకు నవ్వు రావడం లేదు. కట్టలేమని తెలిసీ సరుకు తెప్పించుకోవడాన్ని వ్యాపారంలో నష్టం అనరు, దొంగతనం అంటారు. ఇంకా నీచమైనది పీఎఫ్. ఉద్యోగి జీతంలోంచి నెలనెలా 12 శాతం కోస్తారు. పే స్లిప్పులో కోసినట్టే ఉంటుంది. మర్నెల 15 లోపు కట్టాల్సిన ఆ సొమ్ము కట్టరు. అది కంపెనీ డబ్బు కాదు, ఏనాడూ కాదు. దివాలా చట్టం కూడా పీఎఫ్ సొమ్మును అప్పులవాళ్లకు పంచే ఆస్తిలో కలపొద్దని విడిగా పెట్టింది. విడిగా పెట్టడానికి అది అక్కడుండాలిగా! ఆడపిల్ల పెళ్లికో, ఆపరేషన్‌కో అడ్వాన్సు తీసుకుందామని ఆ మనిషి పాస్‌బుక్ తెరిస్తే ఎనిమిది నెలలు ఖాళీ. ఆ ఎనిమిది నెలల్లోనూ డైరెక్టరుగారి సొంత జీతం ఒకటో తారీఖునే పడింది. ఈయనగారికి గుండె బరువెక్కిందట!

లావాదేవీలు తిరగదోడటానికి సెక్షన్ 43 ఉంది, 45 ఉంది, మోసపు వ్యాపారానికి 66 ఉంది. అన్నీ ఉన్నాయి. తిరగదోడేలోపు కారు మూడు చేతులు మారుతుంది.

కేసు స్వీకరించాక ఇంగ్లిషు పత్రికలో ఒకటి, ప్రాంతీయ భాషా పత్రికలో ఒకటి ప్రకటన వస్తుంది. రావలసిన జీతానికి ఉద్యోగి గడువులోగా ఫారం డి నింపి, రుజువులు జతచేయాలి. ఆ రుజువులన్నీ కంపెనీ మెయిల్లో ఉంటాయి, ఆ మెయిలేమో వీడ్కోలు సందేశం వెలువడిన గంటకే మూతపడుతుంది. మీ ఎండీగారు ఈమధ్య బాగా ఆప్యాయంగా పలకరిస్తూ, మనమంతా ఒకే కుటుంబం అంటూంటే, ఇంకా లాగిన్ పనిచేస్తోందేమో చూసుకోండి. పే స్లిప్పులు, నియామక పత్రం, ఫారం 16 ఈ రాత్రికే సొంత మెయిలుకు పంపుకోండి. పీఎఫ్ పాస్‌బుక్ కూడా తెరవండి.