బావ తోలని కారు

మా బావ కొత్త కారుకి రోడ్డు గీతల మధ్య తనే నడుచుకునే విద్య వచ్చు. ముందు బండి దగ్గరైతే తగ్గుతుంది, దూరమైతే పుంజుకుంటుంది. విశాఖ నుంచి శ్రీకాకుళం వస్తూ, భోగాపురం దాటాక బటన్ నొక్కి, స్టీరింగ్ వదిలేసి, ఒళ్ళో ఉడకబెట్టిన వేరుశెనగకాయల పొట్లం విప్పాడు.

"మరి తోల్తంది ఎవులు బాబూ?" అంది వెనక సీట్లోంచి అమ్మ.

"రాడార్, అత్తా."

ఆ రాడార్ ఎవరి తాలూకో అడగబోయి ఊరుకుంది.

ఈ విద్యలో సున్నా నుంచి ఐదు దాకా మెట్లున్నాయి. బావ కారుది రెండో మెట్టు. సాయం కారుది, కాపలా మనది. మూడో మెట్టెక్కితే కాసేపు చూపు తిప్పుకోవచ్చు గానీ పిలిస్తే పలకాలి. అలాంటి కార్లకి 2020లో ఐక్యరాజ్యసమితి వేదిక నిబంధన రాస్తూ, గంటకు 60 కిలోమీటర్లు దాటొద్దంది, డ్రైవరుని పిలిచాక కనీసం 10 సెకన్లు ఓపిక పట్టాలంది, మనుషులూ సైకిళ్ళూ రాని రోడ్ల మీదే తిరగాలంది. అలాంటి రోడ్డు మన జిల్లాలో చూపించిన వాళ్ళకి దండం పెడతాను.

బావ మాత్రం ఏకంగా డ్రైవరే అక్కర్లేని ఐదో మెట్టు మీద కూర్చుని కాయలు ఒలుస్తున్నాడు. చేతులు పెట్టమని కారు అరిచినప్పుడల్లా స్టీరింగ్‌కి మోకాలు ఆనించేవాడు.

రణస్థలం దాటాక రోడ్డు పక్క తెల్లగీత మీద ధాన్యం ఆరబోసి ఉంది. గీత కనిపిస్తేనే కెమెరాకి దారి. గింజలు చూసి ఏమనుకుందో, రెండు బీప్‌లు కొట్టి చేతులెత్తేసింది. పది సెకన్లూ లేవు, పాడూ లేదు. బావ ఉప్పునీళ్ళ చేతులతో స్టీరింగ్ పట్టుకుంటే జారింది. కారు నింపాదిగా ధాన్యం మీదికెక్కి ఆగింది.

చేట పట్టుకుని ఒకావిడ వచ్చింది. "కళ్ళు అగుపడవేటి?"

"నేను తోల్లేదమ్మా, కారే తోలింది."

"అయితే దాన్నే దిగి ఎత్తమను."

తప్పు మనిషిదా, యంత్రానిదా అని పెద్ద దేశాల్లో లాయర్లు జుట్లు పట్టుకుంటున్నారు. ఈవిడ నిమిషంలో తేల్చేసి బావ చేతికి చీపురిచ్చింది.

ఇంజన్ ఆపడం మరిచాడు. కారు ముందు వంగి ఊడ్చినప్పుడల్లా బీప్‌మంటోంది.

అమ్మ అద్దం దించింది. "బాబూ, అటేపు గింజలు వొగ్గేసినారు. అదిగో, సెప్తంది."