ఊరికే ఒక రౌండు

జనవరి ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట. బయట 30 ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ ఒకటి. రాత్రి కురిసిన మంచును ప్లౌ బండి పొద్దున్నే తోసేసి పోయింది. రోడ్డు నడిమి భాగం ఎండకు ఆరి, ఉప్పు మరకలతో తెల్లగా ఉంది. అంచుల్లో మోకాలెత్తు మంచు గట్లు. గరాజ్ తలుపు ఎత్తి, మోటార్‌సైకిల్ స్టార్ట్ చేసి, ఇంజన్ వేడెక్కేదాకా పక్కనే నిలబడ్డాను. పొద్దున ఫోన్‌లో అమ్మకు చెబితే "ఇంత చలిల బండి మీద ఎటు పోతవే?" అని అడిగింది. "ఎటూ లేదమ్మా, ఊరికే" అన్నాను. అవతల కాసేపు మాట రాలేదు.

ఆ 'ఊరికే' అన్న మాట కోసమే ఇది రాస్తున్నాను.

మన ఇళ్ళలో ఊరికే తిరగడమంటే తిట్టు. బలాదూర్ తిరుగుళ్ళు, గాలి తిరుగుళ్ళు, పనీపాటా లేని తిరుగుళ్ళు... దానికి ఎన్ని పేర్లో. మగపిల్లలకు ఆ తిట్టుతో సరిపోతుంది. ఆడపిల్లల విషయంలో వ్యవహారం గడప దగ్గరే ఆగిపోతుంది. ఎక్కడికి, ఎందుకు, ఎవరితో, ఎప్పుడొస్తావు? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు దగ్గర పెట్టుకోకుండా నేను ఇంట్లోంచి బయట అడుగు పెట్టింది నలభై ఏళ్ళు దాటాకే.

మాది ఆదిలాబాద్. తెలంగాణలో చలి అనగానే ముందు మా జిల్లా పేరే చెబుతారు. పుష్యమాసంలో, కేస్లాపూర్ నాగోబా జాతర దగ్గరపడే రోజుల్లో, పొద్దున లేస్తే నోట్లోంచి ఆవిరి వచ్చేది. నాన్నకు రాజ్‌దూత్ ఉండేది. పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోయించుకోవాల్సిన టూ స్ట్రోక్ బండి. కిక్కు కొడితే వాకిలంతా నీలం పొగ. ఆదివారం కాస్త ఎండెక్కగానే "దా బిడ్డా, ఒక రౌండు కొట్టొద్దాం" అని నన్ను ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకునేవాడు. నా తలకు మంకీ క్యాప్, దాని మీద అమ్మ చుట్టిన మఫ్లర్. పత్తి మార్కెట్ దాకా పోయి తిరిగొచ్చేవాళ్ళం. అది పత్తి అమ్మే కాలం. మార్కెట్ బయట ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు వరస కట్టి ఉండేవి. రోడ్డు పక్క తుమ్మ కొమ్మలకు, ముళ్ళకంచెలకు, మోరీ అంచులకు పత్తి పింజలు అంటుకుని తెల్లగా కనిపించేవి. నాన్న అక్కడ ఏమీ కొనేవాడు కాదు, ఎవరినో కలవాలని వెళ్ళేవాడూ కాదు. ఇంటికొచ్చాక ఇద్దరం ఇంజన్ దగ్గర కూర్చుని చేతులు కాచుకునేవాళ్ళం.

పదేళ్ళు వచ్చాక ట్యాంకు మీంచి వెనక సీటుకు మారాను. పెద్దమనిషినయ్యాక ఆదివారం రౌండు ఆగిపోయింది. ఎవరూ వద్దనలేదు. పిలవడం మానేశారు, అంతే. తమ్ముడు ట్యాంకు మీదికి వచ్చాడు.

ఇప్పుడు మా ఇల్లు మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కనున్న నోవైలో. ఇక్కడి పెద్ద రోడ్లకు దూరాలే పేర్లు: ఎయిట్ మైల్, నైన్ మైల్, టెన్ మైల్. డెట్రాయిట్ నడిబొడ్డు నుంచి ఉత్తరానికి సుమారు ఎన్ని మైళ్ళో ఆ అంకె. మన రోజులు కూడా అలాగే లెక్కలో పడ్డాయి. ఆఫీసు ఇన్ని మైళ్ళు, టాఫ్ట్ రోడ్డు మీది వెంకటేశ్వరస్వామి గుడి ఇన్ని మైళ్ళు, పాప డాన్సు క్లాసు ఇన్ని మైళ్ళు. గరాజ్‌లో కారెక్కి ఎక్కడో పార్కింగ్ లాట్‌లో దిగుతాం. నవంబర్‌లో మూసుకున్న ముందు తలుపు మళ్ళీ తెరుచుకునేది ఏప్రిల్‌లో. ఈ ఊళ్ళో మనలో చాలామందిమి కార్ల కంపెనీల్లోనే పనిచేస్తాం. కారు లోపల చలి తగలకుండా, చప్పుడు వినపడకుండా చేయడం మా వృత్తి. నేనూ ఆ పనే చేస్తాను, ఇష్టంగా చేస్తాను. కానీ ఆ అద్దాల వెనక నుంచి చూస్తూ ఆరేళ్ళు గడిపాక కూడా మా సబ్‌డివిజన్‌లో, అంటే మా ఇళ్ళ కాలనీలో, ఎవరెవరు ఉంటారో నాకు తెలియలేదు.

నా బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 411 సీసీ. మద్రాసు దగ్గర తయారైన బండి. 2018లో అమెరికా మార్కెట్‌కు వచ్చింది. హైవే మీద దూసుకుపోయేవాళ్ళకు ఇది నచ్చదు. నాకు కావలసింది దూసుకుపోవడం కాదు. 21 అంగుళాల ముందు చక్రం, నిటారుగా కూర్చునే సీటు, నిదానంగా కొట్టుకునే ఇంజన్, ఇవి చాలు. మా వీధుల్లో వేగ పరిమితి 25 మైళ్ళు. నేను 15 దాటేది తక్కువ. అందుకు కారణం కూడా ఉంది. 30 ఫారన్‌హీట్ ఉన్న రోజు గంటకు 25 మైళ్ళ గాలి తగిలితే ఒంటికి 16 లాగా ఉంటుందని నేషనల్ వెదర్ సర్వీస్ పట్టిక చెబుతుంది. 15 మైళ్ళకైతే 19. ఆ మూడు డిగ్రీల తేడా ఏమిటో ముందుగా వేళ్ళ కొసలకు తెలుస్తుంది.

ఎక్కడికి పోతానంటే, ఎక్కడికీ పోను. మా వీధి చివర కల్డెసాక్‌లో, అంటే దారి మూసుకుపోయే గుండ్రటి చోట, రెండు సున్నాలు చుడతాను. తర్వాత ఎనిమిది అంకె వేస్తాను. ప్లౌ సరిగా గీకని చోట మంచు అణిగి గట్టిపడి ఉంటుంది. అక్కడ రెండు కాళ్ళూ కిందికి వదిలి, మొదటి గేర్‌లో, కొంచెం రేజ్ ఇస్తే వెనక చక్రం నాలుగంగుళాలు పక్కకు జరిగి మళ్ళీ దారికొస్తుంది. ఆ నాలుగంగుళాల్లో నాకు ఎనిమిదేళ్ళు. మంచు గోడ వెనక దాక్కున్న పిల్లలు ఉండలు చేసి విసురుతారు. నేను హారన్ కొడతాను, వాళ్ళు అరుస్తారు, మళ్ళీ చుట్టు తిరిగి వచ్చేసరికి కొత్త ఉండలు సిద్ధంగా ఉంటాయి. పెద్దవాళ్ళు ఆడుకోవడం మన దగ్గర తక్కువ. క్రికెట్ అంటే టోర్నమెంటు, పరుగంటే మారథాన్, బండంటే లడఖ్. ప్రతిదానికీ ఒక మెడల్, ఒక ఫోటో ఉండాలి. వాటిని నేను తక్కువ చేయను, కష్టపడి సాధించినవి. కానీ వాటిలో ఆట మిగలడం లేదు.

ఇంకొకటి, వాసన. హెల్మెట్ అద్దం ఆవిరి పట్టకుండా ఒక మెట్టు పైకి ఎత్తి ఉంచుతాను. వంటింటి ఎగ్జాస్ట్ గొట్టాలు బయటికి ఊదుతూ ఉంటాయి కదా, చల్లటి గాలిలో ఆ వాసన వీధి మీద అలా నిలిచిపోతుంది. ఒక ఇంటి ముందు కట్టెల పొగ, ఒక ఇంటి ముందు ఏదో మాంసం కాలుతున్న వాసన, ఇంకో ఇంటి ముందు ఇంగువ పోపు! మా నాలుగో ఇల్లు తెలుగువాళ్ళదని అలాగే తెలిసింది. కిందటేడు భోగి రోజున వాళ్ళ పిల్లలు ముందున్న లాన్ మీద, మంచులోనే, రంగులతో ముగ్గు వేశారు. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ. మంచు మీద రంగు అంత బాగా నిలుస్తుందని నాకు అంతకుముందు తెలియదు.

చలికాలంలో బండి ప్రమాదం అన్న మాటను నేను తేలిగ్గా తీసుకోను. మూడేళ్ళ కింద పడ్డాను. ఎండ పడని మలుపు, పెద్ద చెట్టు నీడ. రోడ్డు తడిగా ఉందనుకున్నాను, అది బ్లాక్ ఐస్, రోడ్డు రంగులో కలిసిపోయే పలచటి మంచుగడ్డ పొర. వేగం పది మైళ్ళు కూడా లేదు. ముందు బ్రేకు తాకానో లేదో చక్రం పక్కకు పోయింది. ప్యాంటులో ప్యాడ్ ఉంది కాబట్టి మోకాలు మిగిలింది. అయినా నెల రోజులు మెట్లు దిగడం నరకమైంది. అందుకే ఇది చదివి ఉత్సాహపడేవాళ్ళకు గట్టిగా చెబుతున్నాను. లైసెన్స్ మీద మోటార్‌సైకిల్ ఎండార్స్‌మెంట్, అంటే బండి నడిపే అనుమతి, తెచ్చుకుని, సేఫ్టీ కోర్సు చేసి, రెండు వేసవులు నడిపిన తర్వాతే చలికాలం గురించి ఆలోచించండి. 2012 నుంచి మిషిగన్ చట్టం 21 ఏళ్ళు నిండినవాళ్ళను కొన్ని షరతుల మీద హెల్మెట్ లేకుండా నడపనిస్తోంది. చట్టం ఒప్పుకున్నా మీరు ఒప్పుకోవద్దు. చలికి టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. రోడ్డు మీద చల్లిన ఉప్పు 15 ఫారన్‌హీట్ కిందికి పోతే సరిగా పనిచేయదు. కాబట్టి 20 లోపు ఉంటే నేను బండి తీయను. పొద్దున వద్దు, సాయంత్రం వద్దు, మైల్ రోడ్డు అసలే వద్దు. ఇంటికొచ్చాక గోరువెచ్చని నీళ్ళతో ఉప్పంతా కడిగి, చైనుకు ఆయిల్ పెట్టాలి. డెట్రాయిట్ నగరం కింద 1,100 అడుగులకు పైగా లోతున ఉప్పు గని ఉంది, రోడ్ల మీద చల్లే ఉప్పు అక్కడ తవ్వుతారు. అంత లోతు నుంచి వచ్చిన ఉప్పు మన చైనును వారంలో తినేస్తుంది.

ఇంత జాగ్రత్త పడి మరీ ఎందుకు అంటారు. జర్మనీలో 1956 నుంచి నడి చలికాలంలో మోటార్‌సైకిళ్ళ మీద వచ్చి కలుసుకునే ఒక సమావేశం ఉంది, 'ఏనుగుల కలయిక' అని అర్థం వచ్చే పేరు దానిది. బవేరియా అడవుల్లో, మంచులో డేరాలు వేసుకుని ఉంటారు. వాళ్ళంటే నాకు గౌరవం. నాకు మాత్రం అంత దూరం అక్కర్లేదు. మా మెయిల్‌బాక్సుల మధ్యే సరిపోయింది. ఎందుకు సరిపోయిందో కిందటి జనవరిలో అర్థమైంది.

మా వెనక వీధిలో ఒక ఇంటి కిటికీ దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉండేవారు. వరసగా మూడు ఆదివారాలు చూశాను. నేను చెయ్యి ఊపితే ఆయనా ఊపేవారు. నాలుగో ఆదివారం కోటు మీద కోటు వేసుకుని డ్రైవ్‌వే చివర నిలబడి ఉన్నారు. బండి ఆపి హెల్మెట్ తీశాను.

"ఓయమ్మా, ఆడివిల్లనా!" అన్నారు, తనలో తాను అనుకున్నట్టు.

"నమస్తే అంకుల్" అన్నాను.

ఆయన ముఖం ఎలా వెలిగిందో రాయడం నాకు చేతకాదు. "ఏ ఊరు బిడ్డా మీది?" ఆదిలాబాద్ అన్నాను. "మాది జగిత్యాల." తర్వాత ఏమీ అడగకుండా చేతి గ్లవ్ తీసి అరచెయ్యి ఇంజన్ దగ్గరగా పెట్టారు. కాసేపు అలాగే ఉంచారు. ముప్ఫై ఏళ్ళు లైన్‌మన్‌గా చేశారట. ఊరూరూ బండి మీదే. నవంబర్‌లో ఆరు నెలల కోసం కొడుకు దగ్గరికి వచ్చారు. కొడుకూ కోడలూ ఆఫీసుకు, మనవడు బడికి. "ఇన్ని ఇండ్లున్నయి, రోడ్డు మీద ఒక్క మనిషి గనవడడు బిడ్డా. నువ్వొక్కదానివే గనవడ్డవ్. ఎటు పోతున్నవ్?"

"ఎటూ లేదంకుల్, ఊరికే."

"మంచిగ జేస్తున్నవ్" అన్నారు.

నా జీవితంలో ఆ మాటకు ఆ జవాబు ఇచ్చిన మొదటి మనిషి ఆయన.

ఆయన ద్వారా మరో మూడిళ్ళలో ఇలాగే కిటికీల దగ్గర కూర్చున్న అమ్మానాన్నలు ఉన్నారని తెలిసింది. ఒకామెది నెల్లూరు, ఇంకొక దంపతులది విజయనగరం. అందరూ అరమైలు లోపలే. ఇప్పుడు నా రౌండులో నాలుగు చోట్ల ఆగుతాను. ఒక చోట ఫ్లాస్కులో టీ వస్తుంది.

ఇక్కడి మన తెలుగు సంఘం సంక్రాంతి వేడుక బాగా చేస్తుంది. నేను కూడా రెండేళ్ళు వడ్డన వైపు పనిచేశాను. కానీ ముప్ఫై మైళ్ళు కారులో వెళ్ళి, హాల్లో కూర్చుని, భోజనం చేసి, మళ్ళీ గరాజ్‌లోకి వచ్చేస్తే పక్క వీధిలో ఎవరున్నారో తెలియదు. అందుకే సంఘం కమిటీని ఒకటి అడుగుతున్నాను. డిసెంబర్ నుంచి మార్చి దాకా నెలకో ఆదివారం, ఎండ ఉన్న రోజు చూసి, ఎవరి సబ్‌డివిజన్‌లో వాళ్ళు గంటసేపు వీధిలోకి రావాలని పిలుపునివ్వండి. నడవగలిగినవాళ్ళు నడుస్తారు, పిల్లలు స్లెడ్ లాక్కొస్తారు, నడపడం వచ్చి బండి ఉన్నవాళ్ళు నిదానంగా ఒక రౌండు కొడతారు. స్టేజీ వద్దు, ముఖ్య అతిథి వద్దు, ఖర్చు పద్దు అసలు వద్దు. ముఖ్యంగా ఆడపిల్లలను ఇంట్లోంచి బయటికి రమ్మనండి. ఎందుకని అడిగితే ఊరికే అని చెప్పనివ్వండి.

జగిత్యాల పెద్దాయన ఈ నవంబర్‌లో మళ్ళీ వచ్చారు. ఈసారి ఊరినుంచి మంకీ క్యాప్ తెచ్చుకున్నారు, నాకు కూడా ఒకటి. మొన్న ఆదివారం ఇంట్లో పని ఉండి కదల్లేకపోయాను. ఒంటిగంటన్నరకు ఫోన్ వచ్చింది.

"ఎండ మంచిగున్నది బిడ్డా. బండి తీయలేదేంది?"