ఆల్ట్‌గెల్డ్ కారణాలు ఎందుకు రాశాడు?

మే డే అనగానే చికాగో గుర్తొస్తుంది. 1886 మేలో అక్కడి హేమార్కెట్ కూడలిలో కార్మికుల సభ దగ్గర పోలీసుల మీద ఎవరో బాంబు విసిరారు. ఆ కేసులో 1887 నవంబర్ 11న ఉరికంబం ఎక్కిన నలుగురిని ఏటా తలుచుకుంటాం. అదే కేసులో జైల్లో మగ్గుతున్న ముగ్గురిని విడిపించిన ఇల్లినాయ్ గవర్నర్ జాన్ పీటర్ ఆల్ట్‌గెల్డ్ పేరు మాత్రం ఎవరూ ఎత్తరు.

జర్మనీలో పుట్టి, పసివాడిగా అమెరికా వచ్చి, పదహారేళ్లకే అంతర్యుద్ధంలో సైనికుడైన మనిషి. లాయరయ్యాడు, చికాగోలో స్థలాల వ్యాపారంలో బాగా సంపాదించాడు, జడ్జిగా కూడా చేశాడు. 1892లో గవర్నర్‌గా గెలిచాడు. కోర్టు లోపలి సంగతులన్నీ తెలిసినవాడు కాబట్టే హేమార్కెట్ ఫైలు తెప్పించుకుని చదివాడు.

1893 జూన్ 26న ఫీల్డెన్, ష్వాబ్, నీబీలను వదిలేశాడు. అంతటితో ఆగితే పెద్ద గొడవ ఉండేది కాదు. ఎందుకు వదిలాడో కూడా రాశాడు. జ్యూరీని ముందే పక్షపాతంతో ఏరారన్నాడు. బాంబు ఎవరు విసిరారో ప్రభుత్వం చివరిదాకా తేల్చలేకపోయిందన్నాడు. నీబీ మీద అసలు కేసే లేదన్నాడు. ఆ కేసు విచారించిన జడ్జి జోసెఫ్ గారీ తీరును కూడా వదల్లేదు. పత్రికలు అతన్ని అరాచకవాది అన్నాయి, పరాయి దేశస్థుడన్నాయి.

జాలితో వదిలేశానని ఒక ముక్క రాసి ఊరుకుంటే పోయేది కదా, కోర్టును రచ్చకీడ్చడం దేనికని అప్పుడే అన్నారు. లౌక్యం తెలిసిన మాటే. కానీ జాలి చూపిస్తే వాళ్లు నేరం చేసినట్టు ఒప్పుకున్నట్టే. ఉరితీసిన నలుగురి సంగతి అక్కడితో మూసేసినట్టే. ఆ నలుగురికి ఆయన ఇవ్వగలిగింది ఆ కారణాలు మాత్రమే.

మరుసటి ఏడాది రైలు పెట్టెల కంపెనీ పుల్‌మన్‌లో మొదలైన కార్మికుల సమ్మె మీదికి అమెరికా అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ సైన్యాన్ని పంపితే, తన సొంత పార్టీవాడని కూడా చూడకుండా ఎదిరించాడు. 1896లో ఓడిపోయాడు, ఆస్తి కూడా కరిగిపోయింది, 1902లో పోయాడు.

మన దగ్గర గవర్నర్‌కు ఉన్న క్షమాభిక్ష అధికారం రాజ్యాంగం 161వ అధికరణంలో ఉంది. 2006లో ఆంధ్రప్రదేశ్ గవర్నర్ ఇచ్చిన శిక్ష తగ్గింపు ఒకదాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. పార్టీ, కులం, మతం చూసి ఈ అధికారం వాడకూడదని గట్టిగా చెప్పింది. అసలు కారణమే రాయకపోతే ఏం చూసి వదిలారో ఎవరు కనిపెడతారు? ఆగస్టు 15కో జనవరి 26కో ఖైదీల విడుదల జీవో వచ్చినప్పుడు, ఒక్కో పేరు పక్కన కారణం కూడా రాయమని మనం అడగాలి. మంత్రివర్గం సలహా ఇచ్చిందంటే సరిపోదు. ఆ సలహా దేన్నిబట్టి ఇచ్చారో కూడా కాగితం మీద ఉండాలి.