కాగితానికి సంస్కారం

మనిషికి పదహారు సంస్కారాలు పెట్టిన మన పెద్దలు కాగితాన్ని గాలికొదిలేశారని మొన్న శనివారం రాత్రి పదిన్నరకు మా పక్కింటి బాబాయిగారు తేల్చారు. ఆయన రిటైరైన కెమిస్ట్రీ లెక్చరరు. అప్పటికి మా ఇంక్‌జెట్ ప్రింటర్ జాతీయ పక్షిని నాలుగోసారి కక్కింది. మెడ నీలం తోకలోకి పాకింది, తోక పచ్చ కింది పేరాలోకి దిగింది. చూడ్డానికి వానలో తడిసిన కోడి. సోమవారం మా అమ్మాయి ప్రాజెక్టు ఇవ్వాలి.

"తప్పు మిషన్‌ది కాదోయ్, కాగితానిది" అన్నారాయన.

నిజమే. ఆ సిరాలో ఎక్కువ భాగం నీళ్లు. (అత్తరు ధరకు అమ్మే నీళ్లు, అది వేరే ఏడుపు.) మామూలు 75 జీఎస్ఎం (చదరపు మీటరుకు 75 గ్రాముల బరువు) కాగితమంటే పీచుల అల్లిక. చుక్క పడగానే ఒత్తి నూనె పీల్చినట్టు లాగేసుకుంటుంది. ఫోటో పేపర్‌కైతే సిలికానో అల్యూమినానో పూత ఉంటుంది. నీళ్లను లోపలికి దింపి రంగును పైనే నిలబెడుతుంది. కొన్ని మిల్లులు మామూలు కాగితానికే కాల్షియం క్లోరైడ్ పట్టిస్తాయి. అది తగలగానే సిరాలోని రంగు రేణువులు నిమ్మరసం పడ్డ పాలలా విరిగి అక్కడే కూలబడతాయి.

ఆ వేళప్పుడు మిల్లు ఎక్కడ దొరుకుతుంది?

"అమ్మాయ్, గంజి ఉందా? పటిక ఉందా?" అంటూ బాబాయిగారు లుంగీ ఎగ్గట్టారు. యజ్ఞం మొదలైంది. నా షేవింగ్ బ్రష్ స్రుక్కు, సాంబారు గిన్నె హోమకుండం. పద్నాలుగు కాగితాలకు పూత పూసి, నా బనియన్ల మధ్య దండెం మీద క్లిప్పులు పెట్టాం. ఆరేసరికి అప్పడాల్లా ముడుచుకున్నాయి. మా ఆవిడ పట్టుచీరకు కూడా చూపని శ్రద్ధతో ఇస్త్రీ చేసింది. "పటిక, రోజిన్ అనే చెట్టు బంక కలిపి కాగితానికి పట్టించడం 1807లోనే ఇల్లిగ్ అనే జర్మన్ చెప్పాడు" అన్నారాయన గర్వంగా. ఆ పటిక ఆమ్లం తినబట్టే మా తాతగారి పుస్తకాలు ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి. ఆ మాట నేను అనలేదు. పెద్దాయన.

ప్రింటర్ మొదటి కాగితాన్ని వాసన చూసినట్టు ఆగి, లోపలికి లాక్కుని, కరకరమని నమిలింది. పీకితే రెండంగుళాల ముక్క వచ్చింది. నెమలి కాలు. ఎంత స్పష్టంగా ఉందంటే గోళ్లు లెక్కపెట్టొచ్చు. బాబాయిగారి కళ్లు చెమర్చాయి. మిగతా నెమలి ఇంకా రోలర్లోనే ఉంది.

ఇంతకీ మా అమ్మాయి శుక్రవారమే నెమలిని గీసింది, కలర్ పెన్సిళ్లతో, నాలుక బయటపెట్టి, రెండు గంటలు కూర్చుని. "నీట్‌గా లేదు, కలర్ ప్రింటౌట్ తే" అని బళ్లో తిప్పి పంపారు. ఎనిమిదేళ్ల పిల్ల చేతి గీత నీట్‌గా ఎందుకుండాలండీ? నాకు ప్రింటర్ ఉంది, బాబాయిగారున్నారు. ఆ క్లాసులోనే ఆటో నడిపే నాన్నలున్నారు, పాచిపని చేసే అమ్మలున్నారు. వాళ్ల పిల్లలకు మార్కులు పోయేది నెమలి గురించి తెలియక కాదు, కాగితానికి సిలికా లేక! దీన్ని చదువంటారా? సిగ్గులేదూ?

సోమవారం పొద్దున్నే జిరాక్స్ షాపులో ఫోటో పేపర్ మీద తీయించాను. పూత ఒకవైపే ఉంటుంది కదా, కుర్రాడు తిరగేసి పెట్టాడు. నెమలి ఆరకుండా కాగితం మీద తేలుతూ వచ్చి మా అమ్మాయి అరచేతికంతా అంటుకుంది. అది దాన్ని తెల్ల యూనిఫాంకు తుడుచుకుని బడికెళ్లిపోయింది.